పలక మీద పగడాల దిబ్బ

నేను వెళ్లింది పగడాలు నాటడానికి. చేతిలో పెట్టింది పలక.

తెల్లటి ప్లాస్టిక్ పలక, దానికి దారంతో కట్టిన మామూలు చెక్క పెన్సిలు. ఉప్పునీటి అడుగున రాయడానికి ఇంతకంటే నమ్మదగిన సరంజామా లేదని ఇప్పుడు నేనూ ఒప్పుకుంటాను గానీ, ఆ రోజు మాత్రం మొహం చిన్నబోయింది. విరిగిన పగడపు కొమ్మలను తాళ్లకు వేలాడదీసి పెంచడం, కాస్త ఎదిగాక తీసుకెళ్లి దిబ్బకు అతికించడం వీడియోల్లో చూసి, ఆ పని చేద్దామని దరఖాస్తు పెట్టుకుని వచ్చినవాళ్లం మేం ఆరుగురం. మా శిక్షకురాలు సముద్ర జీవశాస్త్రవేత్త. ముప్పై ఏళ్లుగా అలాంటి పలకతోనే నీళ్లలోకి దిగుతున్న మనిషి. మా ఉత్సాహం విని ఆవిడ నవ్వలేదు, విసుక్కోలేదు. "అతికించడం ఒక పూటలో నేర్పేస్తాను. ఎక్కడ అతికించాలో, అసలు అతికించాలో వద్దో తెలియాలంటే ముందు అక్కడ ఏముందో తెలియాలి కదా. లెక్క నేర్చుకోండి" అన్నారు.

నలభై డైవ్‌లు చేసిన ధీమా మూటగట్టుకుని వెళ్లిన నేను, అలా మళ్లీ ఒకటో తరగతిలో కూర్చున్నాను.

మేం నేర్చుకున్నది రీఫ్ చెక్ పద్ధతి. 1996లో పుట్టిన సంస్థ అది. మరుసటి ఏడాదే అనేక దేశాల్లో స్వచ్ఛంద డైవర్ల చేత దిబ్బలను లెక్కపెట్టించింది. దాని వెనక ఉన్న ఆలోచన సాదాసీదాది. ప్రపంచంలోని దిబ్బలన్నిటినీ చూడటానికి శాస్త్రవేత్తలు సరిపోరు. కాబట్టి నీళ్లలో మునగడం వచ్చిన మామూలు మనుషులకు కొద్ది రోజులు నేర్పి, అందరి చేతా ఒకే తీరున లెక్క వేయిస్తే సరి. ఒక సముద్రంలోని దిబ్బను మరో సముద్రంలోని దానితో పోల్చవచ్చు, ఈ ఏటి దిబ్బను పోయిన ఏటి దిబ్బతో పోల్చవచ్చు. ఒకే లోతులో వంద మీటర్ల టేపు పరుస్తారు. అందులో ఇరవై మీటర్ల చొప్పున నాలుగు ముక్కలు, మధ్యలో అయిదేసి మీటర్ల ఖాళీ. ఆ టేపు వెంట మూడుసార్లు ఈదాలి. ఒకసారి చేపల కోసం, ఒకసారి వెన్నెముక లేని జీవుల కోసం, ఒకసారి అడుగున ఏం పరుచుకుని ఉందో చూడటం కోసం.

మొదటి రెండు రోజులూ నీళ్ల ముఖం చూడలేదు. పగడం జంతువు అని చిన్నప్పుడే చదువుకున్నాను. నమ్మింది మాత్రం సూక్ష్మదర్శిని కింద చూశాకే. ఒక్కో పగడపు జీవి, అంటే పాలిప్, చాలా రకాల్లో కొన్ని మిల్లీమీటర్ల సంచి. పైన ఒక నోరు, నోటి చుట్టూ చిన్న చిన్న వేళ్లు. తినేదీ ఆ నోటితోనే, విసర్జించేదీ ఆ నోటితోనే. కింద తాను కట్టుకున్న సున్నపురాయి గిన్నె. అలాంటి గిన్నెలు వేలకు వేలు అతుక్కుంటే మనం చూసే పగడం. ఆ పాలిప్ ఒంట్లో కంటికి ఆనని ఏకకణ శైవలాలు కాపురం ఉంటాయి. ఎండను పట్టుకుని అవి వండిన దానిలో ఎక్కువ భాగం పగడానికే పోతుంది. కొన్ని పగడాలకు కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఇలా అందేదే. బదులుగా శైవలాలకు దొరికేది తలదాచుకోను చోటు, పగడం వదిలే నత్రజని, బొగ్గుపులుసు వాయువు. అద్దెకున్నవాడే వంట చేసి ఇంటి యజమానికి పెడుతున్నాడన్నమాట. పగడాల మీద కనబడే గోధుమ, ఆకుపచ్చ ఛాయలు చాలావరకు ఈ అద్దెవాళ్లవే.

ఆ రోజు విన్నవాటిలో నన్ను పట్టుకుని వదలనిది ఇంకొకటి. పగడపు దిబ్బలు సముద్రపు అడుగులో ఒక శాతం కూడా ఆక్రమించవు. సముద్ర జీవుల్లో సుమారు నాలుగో వంతు జాతులు మాత్రం ఏదో ఒక దశలో వాటి మీద ఆధారపడతాయి. ఇంత సందడీ నడిచేది పోషకాలు దాదాపు లేని నీటిలో. ఉష్ణమండల సముద్రం అద్దంలా తేటగా ఉండటానికి కారణం అందులో పెద్దగా ఏమీ లేకపోవడమే. ఉన్న కాస్త నత్రజనినీ భాస్వరాన్నీ పగడం, శైవలం, స్పాంజి, చేప ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటూ, చుక్క నేలపాలు కాకుండా తిప్పుకునే సంసారం అది. అలాంటి చోట పొలాల ఎరువో, పట్నాల మురుగో వచ్చి పడితే బలం చేకూరుతుందనుకుంటాం. బలం చేకూరేది నాచుకు. అది రోజుల్లో ఎదుగుతుంది. బండలా ఉండే పగడం ఎదిగేది ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు, కొమ్మల పగడమైతే పది సెంటీమీటర్ల దాకా. ఆ నాచును ఎవరో ఒకరు మేస్తూ ఉంటే తప్ప ఈ పందెంలో పగడం గెలవదు.

తర్వాత పది గుర్తులు బట్టీ పట్టించారు. టేపు మీద ప్రతి అర మీటరుకూ కింద ఏముందో ఈ పదింట్లో ఒకటి రాయాలి. గట్టి పగడం, మెత్తటి పగడం, ఈ మధ్యే చచ్చిన పగడం, పోషకాలు ఎక్కువయ్యాయని చెప్పే నాచు, స్పాంజి, రాయి, రాళ్ల ముక్కలు, ఇసుక, బురద, ఇతరాలు. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది. పదిహేను సెంటీమీటర్ల లోపుది ముక్క, ఆపైన రాయి. చిటికెడు తీసి వదిలితే వెంటనే కిందికి పడేది ఇసుక, పొగలా లేచి నిలిచేది బురద. అక్కడిదాకా బాగానే ఉంది. చచ్చిన పగడం దగ్గర అందరం తడబడ్డాం. గిన్నెల చెక్కడం చెదరకుండా, తెల్లగా, శుభ్రంగా ఉంటే ఏడాది లోపు చచ్చిందని అర్థం. దానికి వేరే గుర్తు ఉంది. నాచు పట్టి గీతలు అరిగిపోతే అది ఇక మన లెక్కలో పగడం కాదు, రాయి. ఎన్ని వందల ఏళ్లు బతికినదైనా సరే. అలాంటి దాని ఫొటో చూపించి గుర్తు రాయమంటే మొదట్లో నాకు చేయి రాలేదు.

అందంగా ఉందని రాయడానికి గుర్తు లేదు. నేను వెతికాను.

నీళ్లలో నేర్పిన మొదటి విద్య కదలకుండా ఉండటం. సరదాగా డైవింగ్ చేసేటప్పుడు మీటరు పైకో కిందికో పోయినా అడిగేవాళ్లు లేరు. ఇక్కడ దిబ్బకు రెండు జానల ఎత్తున, తల కాస్త కిందికి వంచి, రెండు చేతులూ పలకకు ఇచ్చేసి, ఊపిరితోనే ఎత్తు సర్దుకోవాలి. గాలి పీల్చుకుంటే లేస్తాం, వదిలితే దిగుతాం. రెండో మునకలో రాత మీద ధ్యాసతో ఊపిరంతా వదిలేశాను. కాళ్లు దిగాయి, కాలికి తొడిగిన ఈత రెక్క, అదే ఫిన్, దేనికో తగిలింది, టక్కుమంది. చూస్తే జానెడు కొమ్మ విరిగి పడి ఉంది. రెండేళ్ల పెరుగుదల. ఎవరూ చూడలేదు. పడవెక్కాక కాసేపు తటపటాయించి గొంతు పెగల్చుకుని చెప్పాను. ఆవిడ నా ఫారం తిప్పి ఒక చోటు చూపించారు. దిబ్బకు తగిలిన దెబ్బలు రాయడానికి వరుసలున్నాయి. లంగరు వల్ల, పేలుడు పదార్థాల వల్ల, ఇతరత్రా. ఒక్కోదానికీ సున్నా నుంచి మూడు దాకా తీవ్రత వేయాలి. "ఇతరత్రాలో ఒకటి వేయండి" అన్నారు. వేశాను. పగడాలను కాపాడటానికి బయలుదేరిన నా నుంచి శాస్త్రానికి అందిన మొట్టమొదటి సమాచారం అదే.

అసలు గుట్టు బయటపడింది మరుసటి రోజు. నాకు జోడీగా ఒక రిటైరైన ఇంజనీరుగారు పడ్డారు. తక్కువ మాటల మనిషి. ఇరవై మీటర్లు, నలభై బిందువులు, అదే టేపు మీద ఒకరి వెనక ఒకరం. గట్టి పగడం నాకు 21 చోట్ల వచ్చింది, ఆయనకు 14 చోట్ల. ఇద్దరికీ గుర్తులు కంఠతా వచ్చు. ఇద్దరి కళ్లూ బాగానే ఉన్నాయి. మరి ఏడు పగడాలు ఎక్కడివి?

బిందువు దగ్గర టేపు మీది నుంచి చిన్న తూకం గుండు వదలాలి. తాపీ మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండు లాంటిదే. అది తాకినదే లెక్క. పక్కన ఎంత గొప్పది ఉన్నా లెక్కలోకి రాదు. శిక్షకురాలు నా వెనకాలే ఈదుతూ రెండో ముక్క మొత్తం చూశారు. పైకి వచ్చాక అన్నారు: "గుర్తుల్లో మీకు తప్పు లేదు. గుండు ఊగుతుంది కదా, అది ఆగే లోపు మీ చేయి దాన్ని రంగున్న వైపు నడిపిస్తోంది."

నాకు కోపం వచ్చింది. మర్నాడు పట్టి చూసుకుంటే నిజమే. పగడం ఇటు, బోడి రాయి అటు ఉన్నప్పుడు నా మణికట్టు నాకు చెప్పకుండానే పగడం వైపు మొగ్గుతోంది. దిబ్బ బాగుండాలని కోరుకునే మనిషి లెక్కలో దిబ్బ ఎప్పుడూ కాస్త బాగానే ఉంటుంది. తెలిశాక రెండో చివరికి పోయాను. పగడం కనబడితే చాలు, గుండు పక్కకు జరిపేస్తున్నాను. నిజాయితీ ఎక్కువైనా లెక్క తప్పే. చివరికి ఇంజనీరుగారే దారి చెప్పారు. టేపు మీది అంకెనే చూస్తూ గుండు వదలడం, దారం నిలిచిందని వేళ్లకు తెలిశాకే కిందికి చూడటం. వారం తిరిగేసరికి మా ఇద్దరి మధ్య తేడా ఒకటి రెండుకు దిగింది. మొత్తం శిక్షణలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే అన్నా పెద్దగా అబద్ధం కాదు.

చేపల లెక్కకు ఓపిక కావాలి. టేపు పరిచాక పదిహేను నిమిషాలు దూరంగా ఉండాలి, మన అలికిడికి బెదిరినవి తిరిగి రావాలి కదా. ఆ తర్వాత అయిదు మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల ఎత్తు ఉన్న గదిని మనసులోనే కట్టుకుని, టేపు వెంట మెల్లగా ఈదుతూ, ఆ గదిలోకి వచ్చినవే లెక్కించాలి. అది కూడా అన్ని చేపలనూ కాదు. జాబితాలో ఉన్న ప్రతి పేరు వెనకా ఒక ప్రశ్న ఉంటుంది. సీతాకోక చేపల్లో చాలా రకాలు పగడాలనే కొరుక్కు తింటాయి, అక్వేరియంల కోసం పట్టేదీ వాటినే. తినడానికి పట్టే గ్రూపర్ చేపల్లో ముప్పై సెంటీమీటర్లు దాటినవి ఉన్నాయా అని అడగడమంటే వేట ఎంత జరుగుతోందని అడగడమే. రెండు మీటర్ల దాకా పెరిగే నెపోలియన్ రాస్ చేపను ప్రాణాలతో పట్టి హోటళ్లకు అమ్మే వ్యాపారం ఎంత పెరిగిందంటే, 2004లో దాన్ని సైటిస్ ఒప్పందం (ప్రమాదంలో ఉన్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసేది) కిందికి తీసుకురావలసి వచ్చింది. ట్రైటన్ శంఖాన్ని అలంకారానికి ఏరుకుపోతారు. పగడాలను తినే ముళ్ల కిరీటం నక్షత్ర చేపను వేటాడే కొద్ది జీవుల్లో అదొకటి.

మొదటి అసలు లెక్కలో గ్రూపర్ల గడి ఖాళీగా వదిలేశాను, కనబడలేదు కాబట్టి. ఆవిడ ఫారం వెనక్కి ఇచ్చేశారు. ఖాళీ గడి అంటే చూడలేదని అర్థమట. సున్నా అంటే వెతికినా లేదని. ఆ సాయంత్రం కూర్చుని వరుసగా సున్నాలు చుట్టాను, చిన్నప్పుడు లెక్కల మాస్టారు నా పేపరు మీద చుట్టినట్టు.

సున్నా విలువ నాకు బాగా తలకెక్కింది జమైకా కథ విన్నాక. 1970లలో అక్కడి దిబ్బల మీద సగానికి పైగా బతికున్న పగడమే ఉండేది. నాచు మేసే చేపలను మాత్రం అప్పటికే వేటాడి ఊడ్చేశారు. అయినా దిబ్బకు ఏమీ కాలేదు. ఎందుకంటే చేపలు చేయవలసిన పనిని పొడవాటి నల్లటి ముళ్లుండే, బంతుల్లాంటి డయడెమా సీ అర్చిన్లు చేస్తూ వచ్చాయి. 1980లో అలెన్ తుఫాను కొమ్మల పగడాలను నుజ్జు చేసింది. 1983లో ఒక తెగులు మొదలై ఏడాదిలో కరీబియన్ సముద్రమంతటా పాకింది. ఆ అర్చిన్లలో నూటికి తొంభైకి పైగా పోయాయి. మేసే చేప లేదు, మేసే అర్చిన్ లేదు. నాచు కమ్మేసింది. 1990ల మొదటికి అక్కడ బతికున్న పగడం అయిదు శాతం లోపుకు పడిపోయింది. చేపలు పోయిన రోజుల్లో ఎవరైనా ఆ దిబ్బను ఫొటో తీసి ఉంటే చూడముచ్చటగానే ఉండి ఉంటుంది. చేపల గడిలో సున్నా చుట్టినవాడికే ఏదో తేడాగా ఉందని తెలిసేది.

అందుకే చిలుక చేప కనబడితే మాకు అంత సంబరం. చిలుక ముక్కు లాంటి పళ్లతో రాతిని గీకి నాచు తింటుంది. ఆ గీకుడు నీళ్లలో స్పష్టంగా వినబడుతుంది. నమిలిన సున్నపురాయి ఇసుకై వెనక నుంచి ధారగా రాలుతుంది. దిబ్బల పక్కన తెల్లటి ఇసుక తీరాలు చూసి మురిసిపోయేవాళ్లకు ఈ సంగతి ఎప్పుడు చెప్పాలో నాకింకా తెలియలేదు. బెలీజ్ దేశం 2009లో ఈ చేపను పట్టడమే నిషేధించింది.

రెండో లెక్కకు ముందే సముద్రం కాగింది. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా ఉపగ్రహాలతో సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత కొలిచి రోజూ పటాలు పెడుతుంది. అందులో ఒక కొలతను మేం వేడి వారాలు అనుకునేవాళ్లం. ఏడాదిలో అన్నిటికంటే వెచ్చగా ఉండే నెల సగటు మీద ఒక డిగ్రీ ఎక్కువ వేడి ఒక వారం నిలిస్తే ఒక వేడి వారం. రెండు డిగ్రీలు ఎక్కువై వారం నిలిస్తే రెండు. ఇలా గడిచిన పన్నెండు వారాలవీ కూడతారు. మొత్తం నాలుగుకు చేరితే పగడాలు తెల్లబడతాయి, ఎనిమిదికి చేరితే చావులు మొదలవుతాయి అన్నది అంచనా. ఒక్క డిగ్రీకే ఇంత రభసా అని అడిగాను. పగడం తన తట్టుకునే శక్తికి అంచునే కాపురం పెడుతుందట, అవతలికి అడుగు వేసే జాగా లేదు. 2023లో వచ్చిన వేడికి పాత హెచ్చరిక స్థాయిలు చాలక నోవా పైన మరో మూడు చేర్చింది. అన్నిటికంటే పైది ఇరవై వేడి వారాలకు. మా దిబ్బ ఆరు దాటిన వారం నాకు ఫోను వచ్చింది.

ఆ రోజు దిగినప్పుడు ఆ దిబ్బ అంత అందంగా నాకు ముందెన్నడూ కనబడలేదు. ఉన్నమాట చెబుతున్నాను. కొన్ని పగడాలు మీగడ తెలుపు. కొన్ని లేత నీలం, ఊదా, లోపల దీపం పెట్టినట్టు మెరిసే పసుపు. వేడి మీద ఎండ తోడైతే శైవలాల్లో వంట గతి తప్పి విషపూరితమైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి, పగడం వాటిని బయటికి గెంటేస్తుంది. గాజులాంటి కండ మాత్రం మిగిలి, దాని గుండా సున్నపు ఎముక కనబడుతుంది. అదే ఆ తెలుపు. నీలాలూ ఊదాలూ పగడం సొంత వర్ణకాలు, ఎండకు గొడుగు పట్టుకోవడం లాంటిది. పక్క పడవలోని పర్యాటకులు పైకి తేలి, ఇలాంటి చోటు తాము ఎక్కడా చూడలేదని చెప్పుకుంటున్నారు. శిక్షణకు ముందైతే నా నోటా అదే మాట వచ్చేది.

గుండు వదిలాను. తెల్లటి పగడం. పెన్సిలు "ఈ మధ్యే చచ్చినది" వైపు పోయింది. దగ్గరికి వంగి చూస్తే గిన్నెల్లో పాలిప్‌లు కదులుతున్నాయి. గట్టి పగడం అనే రాసి, పక్కన తెల్లబడినట్టు చిన్న గుర్తు పెట్టాలి. అలా దిబ్బ మొత్తం పాలిపోయిన రోజున నా ఫారంలో బతికున్న పగడం ఒక్క బిందువు కూడా తగ్గలేదు. అది నాకు అన్యాయంగా తోచింది. పడవలో వాదించాను.

"చచ్చిందని మీరెలా రాస్తారు? ఆకలితో ఉంది, అంతే" అన్నారు ఆవిడ. "వేడి తగ్గి అద్దెవాళ్లు తిరిగొస్తే బతుకుతుంది. కొన్ని వారాల గడువుంది. ఇవాళ చంపేసి రేపు బతికిస్తే మీ కాగితాన్ని ఎవరు నమ్ముతారు?"

కాబట్టి తీవ్రతను వేరే పద్ధతిలో పట్టుకున్నాం. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైన కోరల్ వాచ్ వాళ్ల రంగుల అట్ట ఒకటి ఉంది, గోడలకు రంగు ఎంచుకునే షేడ్ కార్డు లాంటిది. పగడం పక్కన పెట్టి, దాని మీద అతి లేత చోటుకూ అతి ముదురు చోటుకూ సరిపోయే అంకెలు రాసుకోవాలి. అన్నీ ఒకటో అంకె, రెండో అంకె దగ్గరే ఆగాయి.

అయిదు నెలల తర్వాత మళ్లీ దిగాం. బండ పగడాలు చాలావరకు పాత రంగు పోసుకున్నాయి. బల్లలా పరుచుకునేవి, కొమ్మలవి పోయాయి. త్వరగా ఎదిగేవే త్వరగా పోతాయని చదివాను, దాన్నే ఇప్పుడు చూస్తున్నాను. "ఈ మధ్యే చచ్చిన పగడం" మొదటి లెక్కలో 160 బిందువుల్లో మూడుచోట్ల రాశాను. ఈసారి ముప్పై దాటింది. ఇంజనీరుగారికీ ముప్పై దాటింది. మా లెక్కలు కలవకుండా ఉంటే బాగుండునని మొదటిసారి అనిపించింది.

అందరి దిబ్బలదీ ఇదే కథ. 2009 నుంచి 2018 మధ్య ప్రపంచంలో 14 శాతం పగడం పోయిందని ప్రపంచ పగడపు దిబ్బల పర్యవేక్షణ వ్యవస్థ 2021లో తేల్చింది. ఇలాంటి టేపుల లెక్కలు దేశదేశాల నుంచి పోగుచేసి కట్టిన అంకె అది. 1998, 2010, 2014–17 తర్వాత నాలుగోసారి ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబడుతున్నాయని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. ఆ తర్వాతి ఏడాదికి, తెల్లబడేంత వేడి తగిలిన దిబ్బల విస్తీర్ణం 84 శాతానికి చేరింది.

లెక్కల మీద ఒక సమావేశం జరిగింది. రక్షిత ప్రాంతం చూసే అధికారులు, చేపలు పట్టేవాళ్లు, డైవింగ్ పడవల యజమానులు వచ్చారు. గోడ మీద మా పట్టికలు. లంగరు దెబ్బల ప్రస్తావన రాగానే ఒక పడవ యజమాని లేచాడు. "సముద్రం కాగి పగడం చచ్చింది. అది మేం చేసిన పని కాదు. ఇప్పుడు మా లంగర్ల మీద పడతారేమిటి?"

ఆయన మాటలో సగం న్యాయం ఉంది. భూమి 1.5 డిగ్రీలు వేడెక్కితే పగడపు దిబ్బలు 70 నుంచి 90 శాతం, 2 డిగ్రీలైతే 99 శాతానికి పైగా పోతాయని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2018 నివేదికలో ఉంది. పటం మీద గీసిన ఏ రక్షిత రేఖా వేడి నీటిని ఆపలేదు. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ మెరైన్ పార్కులో 2004 నుంచి సుమారు మూడో వంతు ప్రాంతంలో వేట పూర్తిగా బంద్. అయినా 2016లో ఒక్క వేసవి వేడికే అక్కడి లోతు తక్కువ నీటి పగడాల్లో సుమారు 30 శాతం చచ్చిపోయాయి. మిగతా సగం న్యాయం మాత్రం ఆయన వైపు లేదు. ఏ దెబ్బ ఎవరిదో విడదీసి చూడటానికే కదా ఈ లెక్క. అదే గ్రేట్ బారియర్ రీఫ్‌లో 1985 నుంచి 2012 దాకా 214 దిబ్బల లెక్కలు తీస్తే పగడం 28 శాతం నుంచి 13.8 శాతానికి పడిపోయింది. ఆ నష్టంలో తుఫానుల వాటా 48, ముళ్ల కిరీటం నక్షత్ర చేపలది 42, తెల్లబడటానిది 10 శాతం. తుఫానును ఎవరూ ఆపలేరు. నక్షత్ర చేపకు సూదితో పైత్యరస లవణాలో వెనిగరో ఎక్కిస్తే చస్తుంది. డైవర్లు ఒక్కోదాన్నీ వెతికి అదే చేస్తున్నారు. చేయగలిగింది ఏదో తెలియడానికి ముందు ఏది ఎంత చేసిందో తెలియాలి.

మా టేపులో పడవలు ఆగే వైపు మొదటి ముక్కలో లంగరు దెబ్బల తీవ్రత మూడు. అక్కడ వేడిని తట్టుకుని బతికిన బండ పగడాలు కూడా బోర్లా పడి ఉన్నాయి. అడుగంతా రాళ్ల ముక్కలు. మిగతా మూడు ముక్కల్లో చచ్చిన పగడం నిలబడే ఉంది. ఈ తేడా గురించి నేను మాట్లాడాను, వణుకుతూనే. పగడపు పిల్ల ఈదుకుంటూ వచ్చి అతుక్కోవాలంటే కదలని రాయి కావాలి. అలకు దొర్లే ముక్క మీద అది నిలవదు. నిలబడి చచ్చిన దిబ్బ మీద మళ్లీ మొలకెత్తే అవకాశం ఉంది, లంగరు పొడి చేసిన చోట చాలా ఏళ్లు లేదు. కరీబియన్ సముద్రంలోని బోనేర్ దీవి చుట్టూ 1979లోనే మెరైన్ పార్కు పెట్టి, దిబ్బల మీద లంగరు వేయడం ఆపించి, పడవలు కట్టుకోవడానికి నీటి మీద తేలే బోయలు అమర్చారని శిక్షకురాలు గుర్తుచేశారు. చాలా సేపటికి రెండు బోయలకు అందరూ ఒప్పుకున్నారు, ఆ యజమానితో సహా. చిలుక చేపల వేట సంగతి తేలలేదు. చేపలు పట్టేవాళ్ల పూట గడిచేది దానితోనే. తర్వాతి సమావేశానికి వాయిదా వేశారు.

నాటారా అని అడిగేవాళ్ల కోసం చెబుతున్నాను, నాటాం. ఒక ఉదయం, ముప్పై ముక్కలు. ఆవిడ చెప్పినట్టే నేర్చుకోవడానికి ఒక పూట కూడా పట్టలేదు. ఓడ దిబ్బ మీదికెక్కి నలిపిన చోట, పేలుళ్లతో పొడైన చోట ఈ పని అవసరమే. అయితే 2023 వేసవిలో ఫ్లోరిడా సముద్రం కాగినప్పుడు, అక్కడ నీటి అడుగున ఏళ్ల తరబడి పెంచిన పగడపు మొక్కలను హడావిడిగా తీసుకొచ్చి ఒడ్డు మీద తొట్లలో దాచుకోవలసి వచ్చింది. నీళ్లు చల్లబడకుండా నాటడం మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ఫొటోలు మాత్రం బాగా వస్తాయి.

నాలుగో లెక్కకు వెళ్లినప్పుడు బోయలు పడ్డాయి, పడవలు వాటికే కట్టి ఉన్నాయి. మొదటి ముక్కలో కొత్త లంగరు దెబ్బ లేదు. చచ్చిన బల్ల పగడాల గీతలు అరిగిపోయాయి. వాటికి ఇప్పుడు గుర్తు మారింది. రాయి, రాయి, రాయి అని రాసుకుంటూ పోయాను. ముప్పై ఏడున్నర మీటర్ల దగ్గర టేపు మీది అంకె చూస్తూ గుండు వదిలి, దారం నిలిచాక కిందికి చూశాను. గులాబీ రంగు పెచ్చు కట్టిన రాతి మీద, గుండుకు వేలెడు దూరంలో, చిటికెన వేలి గోరంత పగడపు పిల్ల. గోధుమ రంగు. అరడజను గిన్నెలుంటాయేమో. దారం చివర గుండు ఇంకా కొంచెం ఊగుతోంది. ఇంజనీరుగారు వెనక ఆగి నన్నే చూస్తున్నారు.

ఊగడం ఆగేదాకా ఆగి, రాయి అని రాశాను.